నాయిన పక్క సీటుకు జరిగిన ఏడు

మా నాయిన పోయిన కొత్తలో అమ్మ రోజూ పొద్దుగూకే ముందు కారులో కూర్చునేది. కారు ఎటూ పోయేది కాదు, వాకిట్లో చింతచెట్టు కింద నిలబడే ఉండేది. అమ్మ ఎడమ తలుపు తీసి ముందు సీటులో కూర్చుని, స్టీరింగు ఉన్న వైపు కొంచెం తిరిగి, ఆ రోజు సంగతులన్నీ చెప్పేది. బర్రె పాలు తగ్గించిందని, వెనక గోడ వానకు నానిందని, నేను అన్నం సరిగా తినటం లేదని. చెప్పడం అయ్యాక దిగి, తలుపు చప్పుడు కాకుండా మూసి, లోపలికి వచ్చి పొయ్యి అంటించేది. తలుపు గట్టిగా వేయకపోవడం నాకు బాగా గుర్తు. నిద్రపోతున్న మనిషి ఉన్న గది తలుపు అట్లా మూస్తారు.

నాయిన ఆ కారులోనే పోయాడు. మియాపూర్ దగ్గర పెళ్లివాళ్లను దింపి వస్తూ బొంబాయి రోడ్డు పక్కన కారు నిదానంగా ఆపి, గేరు తీసి, బ్రేకు లాగి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కళ్లు మూశాడు. అలసిపోయి పడుకున్నాడనుకుని చాలామంది పక్కనుంచి వెళ్లిపోయారట. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. అప్పుడు నాకు పద్దెనిమిదో ఏడు నడుస్తోంది. డెబ్బైల నడుమ మాట ఇది.

నాయిన కర్మాగారంలో ఫిట్టరు. ఎక్కడో గుద్దుకుని మూలపడ్డ కారును కొని, సెలవు రోజుల్లో ఒక్కొక్క భాగం బాగుచేసి నిలబెట్టాడు. శేరిలింగంపల్లి చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికి కార్లు లేవు. అందుకే పెళ్లి అయిందంటే పిల్లను అత్తగారింటికి మా కారులోనే పంపేవాళ్లు. నాయిన కిరాయి తీసుకునేవాడు కాదు. పెట్రోలు పోయించి, కొబ్బరికాయ, తువ్వాల చేతిలో పెడితే చాలు. ఆయన పోయాక ఎవరూ కారు అడగలేదు. పీనుగ లేచిన బండిలో పెళ్లికూతురు ఎట్లా కూర్చుంటుంది అన్నారు.

ఆ వాకిలి మాకూ మా పెద్దనాయినకూ ఉమ్మడిది. ఒకరోజు ఆయన గడపలో నిలబడి తేల్చి చెప్పాడు.

"ఏడాది మాసికం అయ్యేదాక చూస్త. నడిపేటోడు లేని బండి వాకిట్ల ఎందుకు? అటెన్క మూసాపేట పాతసామాన్లోళ్లకు ఇచ్చేద్దాం. కోసుకొని ఇనుము అమ్ముకుంటరు."

ఆయన వెళ్లాక అమ్మ నన్ను పిలిచి, "కోస్తరంట రా కొడుకా. లోపలున్న మనిషి యాడికి పోవాలె?" అంది.

అది ఏడుపు గొంతు కాదు. ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు సామాను ఎక్కడ పెట్టాలి అని అడిగే గొంతు. నాకు దానితోనే ఎక్కువ భయమేసింది. నాయిన అప్పటికే పోయాడు. ఆ కారు కూడా పోతే అమ్మ ఎవరితో మాట్లాడుతుంది? మాట్లాడటం మానేస్తే ఏమవుతుంది?

"నేను నేర్చుకుంట. లైసెన్సు తెచ్చుకుంట. నడిపేటోడు ఉంటే పెద్దనాయిన ఏమంటడు?" అన్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. మూసాపేటలో ఒక ఇనుప షెడ్డులో పనికి పోయేవాణ్ణి. కానీ పని దిగగానే శాఖా గ్రంథాలయానికి వెళ్లి తలుపులు మూసేదాకా చదివేవాణ్ణి. తెలుగు పుస్తకాలు దాదాపు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. ఎవరూ చెప్పని చదువు కాబట్టి అది పూర్తిగా నాది అనిపించేది. ఇప్పటికీ అట్లాగే అనిపిస్తుంది. అక్కడ అట్ట ఊడిన మోటారు వాహనాల చట్టం పుస్తకం ఒకటి దొరికింది. దానితో చాలా సాయంత్రాలు కూర్చున్నాను. పద్దెనిమిది నిండితేగాని సొంత కారు నడపకూడదు. నేర్చుకునేవాడు ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం కట్టాలి. లైసెన్సున్న మనిషి, అవసరమైతే వెంటనే బండి ఆపగలిగేంత దగ్గరగా కూర్చుని ఉండాలి. ఆ బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే ఇన్సూరెన్సు తప్పకుండా ఉండాలి.

నేర్చుకునే దారులు కూడా వెతికాను. నగరంలో డ్రైవింగు స్కూళ్లున్నాయి, వాళ్ల ఫీజుకు నా జీతం చాలదు. లారీ మీద క్లీనరుగా చేరితే ఖర్చుండదు, కానీ టైర్లు కడుగుతూ ఏళ్లు గడిపితే ఎప్పుడో ఎవరూ లేని రోడ్డు మీద డ్రైవరు స్టీరింగు ఇస్తాడు. మాకు అంత వ్యవధి లేదు. మిగిలింది ఒకటే దారి. ఇంట్లో ఉన్న కారు, తెలిసిన మనిషి.

ఆ తెలిసిన మనిషి మూసాపేటలో ఉండే చాచా. లారీలు నడిపి మానేసిన ముసలాయన, ఒకప్పుడు నాయినకు నడపడం నేర్పింది కూడా ఆయనే. అడగగానే సరేనన్నాడు. "మీ అమ్మ చేతి జొన్నరొట్టె పెట్టు, చాలు. రెండు తింట. మూడోది నువ్వు జబర్దస్తీగ పెట్టాలె," అన్నాడు.

ముందు ఇన్సూరెన్సు సంగతి చూడాలి కదా. కోస్తా నుంచి వచ్చి మా దగ్గర కాలనీలో ఉంటున్న ఒక ఏజెంటు స్కూటరు మీద వచ్చాడు. అమ్మ టీ ఇచ్చింది. ఆయన చాలా ఓపికగా చెప్పాడు.

"మీకు యాక్ట్ పాలసీ చాలండి. కారుకి దెబ్బ తగిలితే ఏమీ రాదు గానీ, కారు వల్ల బయటవాళ్లకి ఏమైనా అయితే కంపెనీ చూసుకుంటుంది. అన్నిటికన్నా చవకైంది అదేనండి. ముందు మాత్రం కారు మీ పేరుకి మార్పించుకోవాలి. పోయినవారి పేరున పాలసీ నడవదండి."

"ఎందుకు నడవది? మనిషి ఉన్నడు గద," అంది అమ్మ.

ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"అబ్బాయి నేర్చుకునేటప్పుడు పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలండి. లేకపోతే పాలసీ ఉన్నా లేనట్టే."

"ఉంటడు. ఆయనకు లైసెన్సున్నది. సందూకల ఉన్నది, తెమ్మంటవా?"

"ఎవరికండి?"

"వీని నాయినకు."

ఏజెంటు టీ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మగారూ, కంపెనీవాళ్లకి ఊపిరి పీల్చే మనిషి కావాలండి," అన్నాడు మెల్లగా.

"గట్ల రాసున్నదా?"

"అలా అని రాయలేదండి."

"మరింకేంది?"

మర్నాడు గ్రంథాలయంలో నేను మళ్లీ చూశాను. లైసెన్సున్న వ్యక్తి అనే ఉంది. బతికి ఉన్న వ్యక్తి అని ఎక్కడా లేదు. ఆ పేజీ ఇంకోసారి చదివి పుస్తకం మూసేశాను.

కాగితాలు అమ్మ పేరుకు మారాయి, పాలసీ వచ్చింది, నాకు పద్దెనిమిది నిండాయి. మొదటి రోజు పొద్దున అమ్మ కారు కడిగి, పసుపు బొట్లు పెట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. తర్వాత కుడి తలుపు తీసి వంగి, డ్రైవరు సీటు వైపు చూస్తూ, "జర జరుగు. పోరడు కూసుంటడు," అంది.

కాసేపు ఆగింది. తర్వాత నాతో, "ఇగ కూసో," అంది.

ఆ కారులో ముందు సీటు ఒకే పొడుగు బల్లలా ఉండేది. స్టీరింగు దగ్గర నాయిన కూర్చుని కూర్చుని చిన్న గుంట పడింది. నేను దానిలో కూర్చోగానే ఎడమ చివర స్ప్రింగు కిర్రుమంది. సీటు ఒకటే కాబట్టి ఇటు బరువు పడితే అటు కదులుతుంది. నాకు నేను అదే చెప్పుకున్నాను.

చాచా ఎడమ తలుపు మీద చెయ్యి వేశాడు.

"అన్నా, ఆడ కాదు. ఆయన గిప్పుడే అటు జరిగిండు, కొడుక్కు నేర్పెతందుకు," అంది అమ్మ.

"మరి నేను యాడ కూసోవాలె చెల్లె? పైన, సామాను కట్టే కాడనా?"

"ఎన్క కూసో."

నేను ఒప్పుకోలేదు. వెనక కూర్చుంటే బ్రేకు అందదు, చట్టం ప్రకారం చెల్లదు, ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సు రాదు అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చాచా తల గోక్కుని, "సరే, నడుమ కూసుంట. అటు దోస్తు, ఇటు దోస్తు కొడుకు," అన్నాడు. కానీ ఎడమ నుంచి ఎక్కబోతే అమ్మ మళ్లీ ఆపింది. మనిషి మీదుగా ఎట్లా పోతావంది. చివరికి నేను దిగితే, చాచా కుడి తలుపులోంచి స్టీరింగు కింద పొట్టను ఇరికించుకుంటూ, ఆయాసపడుతూ నడిమికి జరిగాడు. ఎడమ వైపు తిరిగి, "సలాం యార్. జర సర్దుకో, నాకు పొట్ట వచ్చింది," అన్నాడు. అమ్మ ఆ ఎడమ తలుపును మెల్లగా మూసి వెనక కూర్చుంది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. కుడి చివర నేను, నాకు భుజం ఆనించుకుని చాచా, ఎడమ కిటికీ దగ్గర ఒక మనిషి పట్టేంత ఖాళీ. బయలుదేరే ముందు అమ్మ ఎడమ తలుపు తెరిచి ఆగేది, తర్వాత మూసేది. ఇంటికి వచ్చాకా అంతే. కల్లు కాంపౌండు ముందు కూర్చున్నవాళ్లు కేకలేసేవాళ్లు.

"ఏందిరో, ముందట ఇద్దరు పోతున్రా, ముగ్గురు పోతున్రా?"

"ముగ్గురం. నాలుగోనివి నువ్వు ఎక్కుతవా? జాగ ఆయన ఒళ్లెనే ఉన్నది," అనేవాడు చాచా.

వాళ్లు నవ్వేవాళ్లు. కానీ కారు దాటిపోయాక ఒకరిద్దరు నేల మీద ఉమ్మి అటు తిరిగేవాళ్లు. అద్దంలో కనబడేది.

కొండాపూర్ వైపు గుట్టల నడుమ చదునైన నేల ఉండేది, నేర్చుకునేది అక్కడే. ఇప్పుడు అక్కడ అద్దాల మేడలున్నాయి. అప్పుడు బండలు, తుమ్మచెట్లు, మేకలు. చాచా బోధన అంతా తిట్లలోనే. "అరె, క్లచ్చును పాము తలకాయ తొక్కినట్టు తొక్కుతవేందిర? మెల్లగ ఇడువు. మెల్లగ! చూడు యార్, నీ కొడుకు నా నడుము ఇరగ్గొడుతున్నడు." ఆ చివరి మాట ఎడమ వైపు తిరిగి అనేవాడు. మొదట్లో అమ్మ కోసం అంటున్నాడనుకున్నాను. అమ్మ రాని రోజున కూడా అట్లాగే అన్నాడు.

ఒకరోజు ఎత్తు మీద కారు ఆపించి, ముందు దారి ఎట్లా ఉందో చూస్తానని, ఆపడానికి అమ్మ లేదు కాబట్టి, చాచా ఎడమ తలుపులోంచే దిగాడు. చట్టం ప్రకారం ఆ క్షణంలో కారులో నేను ఒక్కడినే. బ్రేకు మీద కాలు జారింది. కారు వెనక్కి దొర్లడం మొదలైంది. కింద మేకలు, వాటి వెనక మాకు రొట్టెలు తెస్తున్న అమ్మ. నేను బ్రేకనుకుని క్లచ్చు తొక్కాను. వేగం పెరిగింది. చాచా అరుస్తూ పరుగెత్తి వస్తున్నాడు. అంతలో కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

చాచా వంగి వెనక చక్రం దగ్గర చూశాడు. "రాయి," అన్నాడు. "రాయి అడ్డం పడ్డది. అల్లా దయ."

అమ్మ రొట్టెల గంప దింపలేదు, బెదరలేదు. "రాయేంది? ఆయన కాలు పెట్టిండు," అంది.

నేనూ చూశాను. రాయి ఉంది, పెద్దదే. కానీ కొద్దిసేపటి క్రితం అదే దారిలో ఎత్తు ఎక్కాను. అక్కడ రాయి ఉంటే నాకు కనబడి ఉండేది. ఇన్నేళ్లలో ఈ విషయం ఎన్నోసార్లు ఆలోచించాను. ప్రతిసారీ, నేను ఎక్కిన ఆ దారిలో రాయి ఉండదు.

ఆ తర్వాత గ్రంథాలయంలో నా చదువు మారిపోయింది. స్ప్రింగుల గురించి, ఇనుము ఎండకు సాగి చల్లదనానికి ముడుచుకోవడం గురించి భౌతికశాస్త్రం చదివాను. చనిపోయినవాళ్ల గురించి రెండు అరల పుస్తకాలుంటే అవీ చదివాను. ఒకటి అన్నిటికీ కారణం చెప్పింది, ఇంకొకటి దేనికీ కారణం అక్కర్లేదంది. రెండింటితోనూ నాకు పని జరగలేదు. ఎందుకంటే మలుపు రాకముందే కాలు వదులు చేయడం, ఎత్తు మీద క్లచ్చును సగం పట్టి కారును నిలబెట్టడం, ఇవి చాచా చెప్పకముందే నా కాళ్లకు తెలిసిపోయేవి. చిన్నప్పటి నుంచి నాయినను చూస్తూ పెరిగాను కదా, అందుకే అనుకునేవాణ్ణి. అనుకుంటూనే, గేరు మార్చినప్పుడల్లా ఎడమ వైపు చూసేవాణ్ణి, సరిగా చేశానా అన్నట్టు.

ఏడాది మాసికానికి ముందే లైసెన్సు పరీక్ష తేదీ వచ్చింది. ఒక సంగతి నాకు ముందు నుంచీ తెలుసు, అమ్మకు చెప్పలేదు. పరీక్షలో ఇన్‌స్పెక్టరు ఎడమ సీటులో కూర్చుంటాడు. ఆయనను నడుమ కూర్చోమనలేం. ముందు రోజు మధ్యాహ్నం చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"ఎంతసేపు?"

"కొద్దిసేపే. ఒక చుట్టు తిప్పిస్తడు, అంతే."

"బయట నిలబడితే ఎండ కొడ్తది ఆయనకు," అంది. తర్వాత చేట పక్కన పెట్టి కారు దగ్గరికి వెళ్లింది. ఎడమ సీటులో నాయిన ఉన్నాడు కాబట్టి తను ఎక్కలేదు. కిటికీ పట్టుకుని నిలబడి చాలాసేపు మాట్లాడింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

పరీక్ష నగరంలో, రవాణా ఆఫీసు వెనక మైదానంలో. లారీలు, స్కూటర్లు, మాలాగా ఎల్ అక్షరం కట్టిన కార్లు, వాటి చుట్టూ జనం. చాచా దిగి పక్కన నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు చేతిలో అట్ట పట్టుకుని మా కారు దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఎడమ తలుపు తెరిచి పట్టుకుని ఉంది.

"దిగు. జర ఆ చెట్టు కింద నిలబడు, మల్ల ఎక్కుదువు," అంటోంది.

"ఎవర్ని దించుతున్నవమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా ఇంటాయనను సారూ. ఈయనే నేర్పిండు పోరనికి."

ఆయన ఖాళీ సీటును చూశాడు. అమ్మ బొట్టు లేని నుదుటిని చూశాడు. నేను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఇగ మమ్మల్ని వెళ్లగొడతాడు అనుకున్నాను. ఆయన అట్ట చంకలో పెట్టుకుని, "దిగిండా?" అని అడిగాడు.

"దిగిండు. కూసోండి."

ఆయన కూర్చునే ముందు సీటును చేతిరుమాలుతో ఒకసారి దులిపాడు. ఎందుకో నాకు ఆ పని నచ్చలేదు.

మైదానం చుట్టూ తిప్పించాడు. చెయ్యి బయట పెట్టి సైగలు చేయమన్నాడు. వెనక్కి నడిపించాడు. గుర్తుల గురించి అడిగినవాటికి నేను పుస్తకంలో ఉన్న మాటల్లోనే చెప్పాను. తప్పు ఎక్కడా జరగలేదు. కానీ కారు నాకు కొత్తగా ఉంది. క్లచ్చు వదిలేటప్పుడు ప్రతిసారీ ఆలోచించి వదలాల్సి వచ్చింది. ఎడమ వైపు చూస్తే ఇన్‌స్పెక్టరు మోకాలు కనబడేది, అంతే.

"పాస్," అని దిగిపోయాడు. చాచా నా మెడ పట్టుకుని ఊపాడు.

అమ్మ వచ్చి ఎడమ తలుపు తీసి నిలబడింది. చెట్టు వైపు చూసింది. మేము ఆగాం. వెనక లారీవాడు హారను కొట్టాడు. చాచా వాడి దగ్గరికి వెళ్లి ఏదో చెప్పి వచ్చాడు. అమ్మ చెట్టు దగ్గరికి నడిచి, చుట్టూ తిరిగి, మళ్లీ వచ్చి తలుపు పట్టుకుంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

"చెల్లె," అన్నాడు చాచా.

"ఎక్కుతలేడు," అంది అమ్మ.

ఇంకా కాసేపు చూసింది. తర్వాత తలుపు మూసింది. మామూలుగానే మూసింది, అందరూ కారు తలుపు మూసినట్టు, చప్పుడు వచ్చేలా. తను వెనక కూర్చుని, "అన్నా, ముందట కూసో. జాగ ఉన్నది గద," అంది.

చాచా ఎడమ సీటులో కూర్చున్నాడు. నడపడం నేర్చుకున్నాక మొదటిసారి నేను భయపడుతూ నడిపింది ఆ రోజే.

ఏడాది మాసికం అయింది. పెద్దనాయిన కారు మాట మళ్లీ ఎత్తలేదు. ఒకసారి తనను శేరిలింగంపల్లి స్టేషను దాకా దింపమని కూడా అడిగాడు. కారు నిలబడింది, వాకిట్లోనే ఉంది, నడిపేవాడూ ఉన్నాడు. నేను అనుకున్నదంతా జరిగింది. కానీ పొద్దుగూకే ముందు అమ్మ కారు దగ్గరికి పోవడం మానేసింది. గడపలో కూర్చుని దాన్ని చూసేది. ఎవరో పొరుగింటివాళ్ల బండిని చూసినట్టు చూసేది. నేను తీసుకెళ్తానంటే బస్సులో పోతాననేది.

కొన్ని వారాల తర్వాత ఒకరోజు నేను షెడ్డు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. చీకటి పడకముందే అమ్మ రోడ్డు దిక్కు నుంచి నడిచి వచ్చింది. కాళ్లనిండా దుమ్ము.

"యాడికి పోయినవ్?"

"గా పరీచ్చ పెట్టిన జాగకు. ఆయన రాకపాయె గద, చూసొద్దామని."

నేను అడగకూడదనుకున్నాను. అడిగాను.

"ఉన్నడా?"

అమ్మ కాళ్లు కడుక్కుని, కొంగుతో ముఖం తుడుచుకుని, గడప మీద కూర్చుంది.

"లేడు. చెట్టు కాడ చూసిన, లారీల నడుమ చూసిన. మస్తు మంది ఉన్నరు. అందరు నీ ఈడు పోరగాండ్లే, ఒక్కనికి బండి సక్కగ వస్తలేదు. ఎవని పక్కకు ఎక్కిండో," అంది. నెలల తర్వాత మొదటిసారి కొంచెం నవ్వింది. "ఎవనికి నేర్పుతున్నడో."